ఇటాలిక్ చేతిరాత, కాలిగ్రఫీ: మళ్ళీ మళ్ళీ అడుగుతున్న ప్రశ్నలు

నల్లకుంటలో మా ఇంటి డైనింగ్ టేబుల్ చుట్టూ ఆదివారం పొద్దున్న కొంతమందిమి కూర్చుని రాసుకుంటాం. టీచర్లు, రిటైరైనవాళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, పిల్లల్ని దింపడానికి వచ్చి తామే కూర్చుండిపోయిన అమ్మలు. కొత్తగా ఎవరు వచ్చినా అవే సందేహాలు, వాట్సాప్‌లో కూడా అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ప్రశ్నలు మీరు అడిగిన మాటల్లోనే ఉన్నాయి. మీకు కావలసింది ఎక్కడుంటే అక్కడే చదువుకోండి.

## మొదలుపెట్టే ముందు

ఇటాలిక్ అంటే అక్షరాల్ని పక్కకి వాల్చి రాయడమే కదా?

కంప్యూటర్‌లో ఆ బటన్ నొక్కితే అక్షరం వాలుతుంది కాబట్టి అందరికీ అలాగే గుర్తుండిపోయింది. అసలు ఆ పేరు ఇటలీ నుంచి వచ్చింది. 15వ శతాబ్దం మొదట్లో ఫ్లోరెన్స్‌లో నికోలో నికోలి అనే ఆయన పాత గ్రంథాలకి నకళ్ళు రాసుకుంటూ, త్వరగా రాయడానికి వీలుగా ఈ రాతని తయారుచేసుకున్నాడు. దీనికి మూడు గుర్తులు: అక్షరాలు సన్నగా, కోలగా ఉంటాయి. కమాను గీత నిలువు గీత మధ్యలోంచి కొమ్మలా చీలుతుంది. పాళీ అంచు వల్ల లావు, సన్నం వాటంతటవే వస్తాయి. వాలు ఐదు నుంచి పది డిగ్రీలు ఉంటే చాలు. అస్సలు వాల్చకుండా నిటారుగా రాసినా అది ఇటాలిక్కే.

నాకు యాభై దాటింది. ఇప్పుడు దస్తూరి మారుతుందా?

మారుతుంది. మా టేబుల్ దగ్గర పిల్లలకంటే పెద్దవాళ్ళే తొందరగా పట్టుకుంటారు. తప్పు ఎక్కడుందో చూపిస్తే పెద్దవాళ్ళకి వెంటనే కనబడుతుంది, పిల్లలకి ఆ చూపు రావడానికి టైం పడుతుంది. పాత రాత మాత్రం ఒక్కసారిగా పోదు. చెక్కు మీద సంతకం, హడావిడిలో రాసే ఫోన్ నంబరు కొన్నాళ్ళు పాత పద్ధతిలోనే వస్తాయి. వాటిని అలా రానివ్వండి.

కాలిగ్రఫీ వేరు, చేతిరాత వేరు కదా? ఏది నేర్చుకోవాలి?

కాలిగ్రఫీలో ఒక్కో గీతకీ ఆగి, పెన్ను ఎత్తి, మళ్ళీ పెడతాం. చేతిరాతలో ఆగకుండా సాగిపోతాం. ఇటాలిక్‌లో ఈ రెండింటికీ అక్షర రూపాలు ఒకటే. నెమ్మదిగా, పెద్ద పాళీతో రాస్తే గోడకి కట్టుకునే పటం అవుతుంది. సన్న పాళీతో త్వరగా రాస్తే పాల లెక్క అవుతుంది. అందుకే ముందు కాలిగ్రఫీలా పెద్దగా నేర్చుకుని, తర్వాత చిన్నగా, వేగంగా రాయమంటాను.

స్కూల్లో నేర్పిన కర్సివ్‌కీ దీనికీ తేడా ఏంటి?

మన స్కూళ్ళలో నేర్పే కర్సివ్ మొనదేలిన పాళీతో రాసిన పాత ఇంగ్లీషు రాతల నుంచి దిగివచ్చింది. అందులో ప్రతి అక్షరాన్నీ పక్కదానితో కలపాలి. ఎల్, బి, జి లాంటివాటికి ఉచ్చులు వేయాలి. వేగం పెరిగేకొద్దీ ఆ ఉచ్చులు పై వరసలోకీ కింద వరసలోకీ పోయి చిక్కుపడతాయి. ఇటాలిక్‌లో ఉచ్చులు లేవు. కలపడం కష్టంగా ఉన్నచోట కలపం.

ఎప్పుడో పోయిన రాత మళ్ళీ ఎలా బయటికి వచ్చింది?

ఈ కథ నాకు చాలా ఇష్టం, కాస్త ఓపిగ్గా చదవండి. ఫ్లోరెన్స్‌లో పుట్టిన ఈ రాత పోప్ కార్యాలయం ఉత్తరాల దాకా వెళ్ళింది. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ ఇదే రూపంలో అచ్చక్షరాలు పోయించి పుస్తకం వేశాడు. వాటికాన్‌లో లేఖకుడిగా పనిచేసిన లుడోవికో అర్రిఘి 1522లో ఒక చిన్న పుస్తకం తెచ్చాడు. మామూలు జనం ఇంట్లో కూర్చుని ఈ రాత నేర్చుకునేలా, పేజీలన్నీ చెక్కదిమ్మల మీద చెక్కించి అచ్చువేసిన పుస్తకం అది. ఆ తర్వాత రాగిరేకుల మీద సన్నటి గీతలు చెక్కడం వచ్చింది. పాళీలు మొనదేలాయి, రాత మెలికలు తిరిగింది, ఇటాలిక్ పక్కకి పోయింది.

దాన్ని మళ్ళీ తెచ్చినవాళ్ళలో వృత్తి లేఖకులు తక్కువ. 1870ల్లో ఇంగ్లీషు కవి, డిజైనర్ విలియం మోరిస్ పాత రాతప్రతులు కొనుక్కుని తన ఆనందం కోసం ఈ రాత సాధన చేశాడు. మోనికా బ్రిడ్జెస్ అనే ఆవిడ 19వ శతాబ్దం చివర్లో టీచర్ల కోసమే ఒక నమూనా పుస్తకం తయారుచేశారు. వైద్యం చదువు మధ్యలో వదిలేసిన ఎడ్వర్డ్ జాన్స్టన్ 1899లో లండన్‌లో అక్షరాల క్లాసు మొదలుపెట్టి, పాళీని అడ్డంగా కోసి పట్టుకుంటే ఏమవుతుందో పాత ప్రతుల్ని చూసి తనే కనిపెట్టుకుంటూ నేర్పాడు. ఆల్‌ఫ్రెడ్ ఫెయిర్‌బ్యాంక్ బ్రిటిష్ నౌకాదళ శాఖలో ఉద్యోగి. ఆఫీసు పని చేసుకుంటూనే 1932లో ఇటాలిక్ రాతకి పాఠ్యపుస్తకం రాశాడు. 1952లో ఇంగ్లండ్‌లో ఇటాలిక్ చేతిరాత సంఘం ఏర్పడింది. అమెరికాలో పోర్ట్‌ల్యాండ్‌లోని రీడ్ కాలేజీలో లాయిడ్ రేనాల్డ్స్ దాదాపు ఇరవై ఏళ్ళు నేర్పాడు. అక్కడి నుంచి ఇది స్కూలు టీచర్లకి పాకింది. ఉద్యోగాలు చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు కూర్చుని రాసుకున్న మనలాంటివాళ్ళు దీన్ని బతికించారు.

స్టీవ్ జాబ్స్ నేర్చుకున్నది ఇదేనా?

ఆయన కూర్చున్నది రీడ్ కాలేజీ కాలిగ్రఫీ క్లాసులోనే. 1972లో కాలేజీలో చేరి, ఒక టర్మ్ తర్వాత చదువు మానేసి, ఇష్టమైన క్లాసులకి మాత్రం వెళ్ళేవాడు. అప్పుడు అక్కడ నేర్పినవారు రాబర్ట్ పల్లాడినో, అంతకుముందు క్రైస్తవ మఠంలో సన్యాసి. అక్షరాల మధ్య ఎడం ఎలా ఉండాలో అక్కడే తెలుసుకున్నాననీ, పదేళ్ళ తర్వాత మ్యాక్ తయారుచేసేటప్పుడు అది పనికొచ్చిందనీ జాబ్స్ 2005లో స్టాన్‌ఫర్డ్ ప్రసంగంలో చెప్పాడు.

ఫోన్‌లో టైప్ చేసే రోజుల్లో ఇదెందుకని ఇంట్లో అంటున్నారు. ఏం చెప్పాలి?

ఏమీ చెప్పకండి. ఇంట్లో వాళ్ళ పుట్టినరోజుకి నాలుగు లైన్లు మీ చేత్తో రాసి ఇవ్వండి. మా దగ్గరికొచ్చే ఒక బాబాయిగారు పెళ్ళిరోజుకి పిన్నిగారికి పోస్టుకార్డు రాశారు. ఆవిడ దాన్ని దేవుడి గూట్లో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆదివారం ఉదయం కాఫీ పెట్టి ఆయన్ని పంపేది ఆవిడే.

## పెన్ను, ఇంకు, కాగితం

మొదటిరోజుకి ఏం కొనాలి?

ఏమీ కొనక్కర్లేదు. ఇంట్లో ఉన్న రెండు పెన్సిళ్ళు పక్కపక్కన పెట్టి, మొనలు సమానంగా ఉండేలా రబ్బరు బ్యాండు వేయండి. ఆ రెండు మొనలూ వెడల్పు పాళీకి రెండు అంచులు అవుతాయి. వాటితో రాస్తే ప్రతి అక్షరం జంట గీతలుగా వస్తుంది. గీతలు ఎక్కడ దగ్గరవుతున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో కళ్ళకి కనబడుతుంది. ఒక వారం దీంతో రాశాకే పెన్ను కొనండి.

ఏ సైజు పాళీ తీసుకోవాలి?

నేర్చుకోవడానికి 2.4 మి.మీ. దగ్గర్లో ఉన్నది బాగుంటుంది. తప్పు పెద్దగా కనబడాలి, అప్పుడే దిద్దుకోగలం. పైలట్ పారలల్ పెన్నుల్లో ఈ సైజు దొరుకుతుంది. రోజువారీ రాతకి 1.1 కూడా లావే. రూళ్ళ నోట్‌బుక్‌లో రాయాలంటే 0.6, 0.7 దగ్గర అడ్డంగా కోసిన పాళీ కావాలి. షాపులో కాలిగ్రఫీ సెట్ అని ఇచ్చేదాంట్లో పాళీ మొన చూసి తీసుకోండి. మొన చదునుగా, ఉలి అంచులా ఉండాలి. సూదిలా ఉండి, నొక్కితే రెండుగా విచ్చుకునేది కాపర్‌ప్లేట్ అనే మెలికల రాతకి వాడే పాళీ. దాంతో ఇటాలిక్ రాదు.

హైదరాబాద్‌లో ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి?

అబిడ్స్‌లో డెక్కన్ పెన్ స్టోర్స్ 1928 నుంచీ ఉంది. పెన్ను చేతికిచ్చి రాసి చూడమంటారు. ఆన్‌లైన్‌లో కొంటే ఆ సుఖం ఉండదు. కాగితాలు, స్కెచ్ పెన్నులు, రూళ్ళకర్రలు కోఠిలో ఎక్కడైనా దొరుకుతాయి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఓపిగ్గా వెతికితే ఒక్కోసారి పాత కాపీరైటింగ్ పుస్తకాలు తగులుతాయి. రాజమండ్రి వైపు వెళ్ళేవాళ్ళుంటే రత్నం పెన్ను తెప్పించుకోండి. గాంధీగారి స్వదేశీ పిలుపుతో 1930ల్లో మొదలైన ఆ ఎబొనైట్ పెన్నులు ఇప్పటికీ చేత్తోనే తయారవుతాయి. మామూలు గుండ్రటి మొన కావచ్చు, కానీ ఆ పెన్ను చేతిలో ఉంటే రాయాలనిపిస్తుంది.

ఇండియన్ ఇంకు నల్లగా బాగుంది, ఇంకు పెన్నులో పోసుకోవచ్చా?

దయచేసి పోయకండి. అందులో లక్క ఉంటుంది. ఆరితే నీళ్ళకి కరగదు. మా నాన్నగారు ఇచ్చిన పెన్నులో నేను ఒక సంక్రాంతి సెలవుల్లో పోశాను. ముగ్గు పక్కన అక్షరాలు నల్లగా నిలవాలని ఆశ. రెండు రోజులు పక్కన పెట్టేసరికి పాళీ కింద ఇంకు నడిచే సన్నటి గాడులన్నీ గట్టిపడిపోయాయి. ఎంత నానబెట్టినా మళ్ళీ రాయలేదు. ఆ పెన్ను ఇప్పటికీ నా టేబుల్ సొరుగులోనే ఉంది. ఇంకు పెన్నుకి సీసా మీద ఫౌంటెన్ పెన్ ఇంకు అని రాసి ఉన్నదే వాడండి. ఇండియన్ ఇంకు ముంచి రాసే పాళీకి, వెదురు కలానికి బాగుంటుంది.

కాగితం మీద ఇంకు పాకిపోతోంది. ఏం చేయాలి?

జిరాక్స్ కాగితాల్లో చాలావాటికి ఈ జబ్బు ఉంటుంది. 100 జీఎస్ఎమ్ బాండ్ పేపర్ పది షీట్లు తెచ్చి చూడండి. షాపులో ఒక్క గీత గీసి చూసి కొనడం ఇంకా మంచిది. వానాకాలంలో మంచి కాగితం కూడా చెమ్మ పీల్చుకుని ఇంకుని పాకిస్తుంది. పాలిథీన్ కవర్లో చుట్టి బీరువాలో పెట్టండి.

పది నిమిషాలు రాయకపోతే పెన్ను మొరాయిస్తోంది.

మే నెలలో ఫ్యాన్ కింద కూర్చుంటే పాళీ మీద ఇంకు చూస్తుండగానే ఆరిపోతుంది. ఆగిన ప్రతిసారీ క్యాప్ పెట్టండి. రెండు వారాలకోసారి కడగండి, కానీ బోరు నీళ్ళతో వద్దు. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. కుళాయి చివర తెల్లగా పేరుకుంటుంది చూశారా, అదే పాళీ సందులోనూ పేరుకుంటుంది. తాగే ఫిల్టర్ నీళ్ళు అరగ్లాసు చాలు.

## మొదటి నెల

పాళీ 45 డిగ్రీల్లో పట్టుకోమన్నారు. సరిగ్గా పట్టుకున్నానో లేదో ఎలా తెలుస్తుంది?

ఆ 45 డిగ్రీలు పాళీ అంచుకీ రాసే వరసకీ మధ్య కోణం. కూడిక గుర్తు వేయండి. నిలువు గీత, అడ్డగీత ఒకే లావుంటే మీ పాళీ 45 డిగ్రీల్లో ఉన్నట్టు. నిలువు గీత లావుగా ఉంటే పాళీ మరీ పడుకుంది. అడ్డగీత లావుగా ఉంటే మరీ నిలబడింది. పేజీ మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి వేయండి. మూడూ ఒకేలా ఉన్నరోజు ఆ పేజీ దాచుకోండి.

ఏ అక్షరంతో మొదలుపెట్టాలి? ఏ నుంచి వరసగానా?

వరసగా వద్దు. ముందు రెండ్రోజులు ఐ, ఎల్ లాంటి నిలువు గీతలే. ఆ తర్వాత చిన్న ఎన్. ఈ ఒక్క అక్షరం దగ్గర ఒక వారం కూర్చోండి, ఇటాలిక్ అంతా దీన్లోనే ఉంది.

నిలువుగా కిందికి రండి. పెన్ను ఎత్తకుండా వచ్చిన దారినే పైకి వెళ్ళండి. సగం ఎత్తు దాటాక ఆ గీత నుంచి మెల్లగా విడిపోయి, కమాను తిరిగి, మళ్ళీ కిందికి రండి. విడిపోయిన చోట చూడండి: రెండు గీతల మధ్య సన్నటి తెల్ల త్రికోణం, చెట్టు కొమ్మ మొదట్లో ఉండే సందులాంటిది, కనబడాలి. చాలామందికి అది కనబడదు. కమాను పైనుంచే మొదలవుతుంది, గొడుగు కర్ర వంపులా ఉంటుంది. అలా అయితే నెమ్మదించండి, ఇంకా కిందనుంచే విడిపోండి. ఇప్పుడు కాగితాన్ని తలకిందులు చేయండి. మీ ఎన్ ఇప్పుడు యు అవ్వాలి. అది చక్కటి యు లాగా కనబడితే మీ ఎన్ వచ్చినట్టే. ఎన్ వస్తే ఎమ్, హెచ్, ఆర్, బి, పి వచ్చేస్తాయి. యు వస్తే ఏ, డి, జి, క్యూ పొట్టలు వచ్చేస్తాయి. ఆ పొట్ట బాదం గింజలా ఉండాలి, ఒకవైపు కోసుగా. గుండ్రటి గోళీలా ఉంటే మళ్ళీ యు దగ్గరికి వెళ్ళండి. ఎస్ చివర్లో నేర్చుకోండి, అది అందరినీ ఏడిపిస్తుంది.

అక్షరం ఎంత ఎత్తుండాలి?

మీ పాళీ వెడల్పుకి ఐదు రెట్లు. పాళీని అడ్డంగా పెట్టి మెట్లలా ఐదు గళ్ళు వేయండి, అదే చిన్న అక్షరం ఎత్తు. 2.4 పాళీకి 12 మి.మీ. వస్తుంది. పైకి లేచే హెచ్, ఎల్‌కి ఇంకో నాలుగు గళ్ళు, కిందికి దిగే జి, పి, వైకి నాలుగు గళ్ళు. ఒక షీటు మీద నల్లగా గీతలు గీసుకుని రాసే కాగితం కింద పెట్టుకోండి, ప్రతిసారీ గీసే పని తప్పుతుంది.

అక్షరాలు విడివిడిగా బాగున్నాయి, మాట రాస్తే బాగోలేదు. ఎందుకు?

ఎడం వల్ల. స్కేలుతో కొలిచి సమానంగా పెడితే కుదరదు. రెండు నిలువు గీతలు పక్కపక్కన ఉంటే మధ్యలో కాస్త ఎక్కువ చోటు కావాలి, రెండు గుండ్రటివి పక్కపక్కన ఉంటే తక్కువ చాలు. ఎన్ లోపల ఎంత తెలుపు ఉందో, అక్షరానికీ అక్షరానికీ మధ్య అంత తెలుపు ఉండాలి. కాగితాన్ని గోడకి ఆనించి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, కళ్ళు సగం మూసి చూడండి. నల్లగా ముద్దకట్టిన చోట, బోసిగా ఉన్న చోట వెంటనే తెలుస్తుంది. మాటకీ మాటకీ మధ్య ఒక ఎన్ పట్టేంత చోటు చాలు.

రోజుకి ఎంతసేపు రాయాలి?

ఇరవై నిమిషాలు. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులు మానేస్తే లాభం లేదు.

మాది ఎడమచేతి వాటం. వస్తుందా?

వస్తుంది. కాగితం పైభాగం మీ కుడివైపుకి వాలేలా తిప్పండి, మోచెయ్యి ఒంటికి దగ్గరగా, చెయ్యి రాసే వరస కిందే ఉండేలా కూర్చోండి. ఎడమచేతివాళ్ళ కోసం ఏటవాలుగా కోసిన పాళీలు విడిగా దొరుకుతాయి, వాటితో సగం ఇబ్బంది తీరుతుంది. చెయ్యి వరస పైనుంచి వంకరగా తిప్పి రాసే అలవాటుంటే, ఇంకు ఆరకముందే మీ చెయ్యి దాని మీదికి వస్తుంది, కాబట్టి త్వరగా ఆరే ఇంకు, పక్కన బ్లాటింగ్ పేపరు పెట్టుకోండి. పిల్లలకైతే కుడిచేతికి మార్చమని ఎవరు చెప్పినా వినకండి.

పది లైన్లకే వేళ్ళు నొప్పి పుడుతున్నాయి.

బాల్‌పెన్నుతో నొక్కి రాసిన అలవాటు అది. ఇంకు పెన్నుకి దాని బరువే చాలు. మీ చూపుడు వేలి మొన చూడండి, రాసేటప్పుడు గోరు తెల్లబడుతోందంటే నొక్కుతున్నట్టే. కాగితం కింద నాలుగైదు న్యూస్‌పేపర్లు వేసుకోండి. వేళ్ళతో కాకుండా ముంజేయి కదిలిస్తూ రాయండి. నొప్పి రోజుల తరబడి ఉంటే రాత ఆపి డాక్టరుకి చూపించండి.

## కలిపి రాయడం, వేగం

అన్ని అక్షరాలూ కలపాలా?

వద్దు. ఏ, ఎన్, యు, ఐ లాంటివి కింద నుంచి ఏటవాలు గీతతో పక్కదాన్ని అందుకుంటాయి. ఓ, వి, డబ్ల్యు పై అంచు నుంచి అడ్డంగా అందుకుంటాయి. జి, జె, వై తోకలు ఎడమవైపుకి పోతాయి కాబట్టి అక్కడ పెన్ను ఎత్తేయండి. మూడు నాలుగు అక్షరాలకోసారి పెన్ను ఎత్తడం చేతికి విశ్రాంతి కూడా.

క్లాసులో నోట్స్ రాసుకునేంత వేగం వస్తుందా?

వస్తుంది, కానీ నెలలు పడుతుంది. మొదటి రెండు నెలలు నోట్సులో ఇది వాడకండి, రెండూ చెడతాయి. రూపాలు చేతికి అలవాటయ్యాక ఒకే పేరాని మూడుసార్లు రాయండి: ఒకసారి నిదానంగా, ఒకసారి మామూలుగా, ఒకసారి పరిగెడుతూ. మూడోదాన్లో ఏ అక్షరం ముందు విరిగిందో చూసి, మర్నాడు దాన్నే దిద్దుకోండి. సాధారణంగా విరిగేది ఎన్ కమానే.

బాల్‌పెన్నుతో రాస్తే ఇటాలిక్ అవుతుందా?

అవుతుంది. లావు సన్నాలు రావు, రూపం, ఎడం, లయ అలాగే ఉంటాయి. బ్యాంకు ఫారాలు బాల్‌పెన్నుతోనే నింపాలి కదా.

## పిల్లలు, టీచర్లు

మా బాబు మూడో తరగతి. నోట్స్ నిండా ఎర్ర ఇంకుతో 'రాత బాగుచేసుకో' అనే ఉంటోంది. ఇప్పుడే ఇది నేర్పించాలా?

పోయిన ఏడాది ఒకమ్మ ఇలాంటి నోట్‌బుక్ పట్టుకొచ్చింది. పద్నాలుగు పేజీల్లో అదే మాట. ఎలా బాగుచేసుకోవాలో ఒక్క పేజీలోనూ లేదు. బాబు పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకుంటున్నాడు, కాళ్ళు నేలకి ఆనట్లేదు, కుర్చీ ఎత్తు ఎక్కువ. కాళ్ళ కింద పీట వేసి, పెన్సిల్ పట్టు మార్చేసరికి మూడు వారాల్లో అక్షరాలు గీత మీద కూర్చున్నాయి.

వెడల్పు పాళీ ఎనిమిది, తొమ్మిదేళ్ళ తర్వాత ఇవ్వండి. అంతకుముందు పెన్సిల్‌తో ఇటాలిక్ రూపాలు నేర్పితే చాలు. స్కూల్లో కర్సివ్ తప్పనిసరి అయితే టీచర్‌తో ఒకమాట మాట్లాడండి. ఒప్పుకోకపోతే స్కూలు రాత స్కూల్లో రాయనివ్వండి, ఇంట్లో బొమ్మలు వేసినట్టు ఇది రాయనివ్వండి. పిల్లాణ్ణి ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య నలగనివ్వకండి. కోడి గీకినట్టుందని మాత్రం ఎప్పుడూ అనకండి. చిన్నప్పుడు పడిన ఆ మాట నలభై ఏళ్ళొచ్చాక కూడా చెప్పి కళ్ళు తుడుచుకున్నవాళ్ళని మా టేబుల్ దగ్గర చూశాను.

నేను టీచర్‌ని. క్లాసులో 45 మంది. ఎలా నేర్పాలి?

ముందు మీరు మూడు నెలలు రాయండి. మీ చేతికి తెలియనిది పిల్లల చేతికి చెప్పలేరు. ఆ తర్వాత రోజూ పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు, వారానికి ఒక అక్షర కుటుంబం. అందరి పుస్తకాలూ దిద్దాలని చూడకండి. పిల్లల్నే తమ వరసలో బాగా వచ్చిన ఒక్క అక్షరానికి గుండ్రంగా సున్నా చుట్టమనండి. ఏది ఎందుకు బాగుందో వాళ్ళే వెతుక్కుంటారు, మీకూ ఒక్క చూపులో తెలుస్తుంది. మార్కులు వద్దు.

బోర్డు మీద లావు సన్నాలు ఎలా చూపించాలి?

సుద్దముక్కని రెండు సెంటీమీటర్లకి విరిచి, పక్కకి పడుకోబెట్టి, 45 డిగ్రీల్లో పట్టుకుని రాయండి. ఆ ముక్కే మీ పాళీ. చివరి బెంచీకి కూడా కనబడుతుంది. జాన్స్టన్ కూడా నల్లబల్ల మీద సుద్దతో రాసి చూపించడంలో పేరుపొందినవాడే. తెల్లబోర్డు అయితే ఉలి మొన ఉన్న మార్కర్ అడిగి తీసుకోండి.

21 రోజుల్లో గ్యారంటీ అంటున్న కోర్సులో చేరొచ్చా?

21 రోజుల్లో రూపాలు తెలుస్తాయి, అలవాటు కావు. చేరేముందు నేర్పేవాళ్ళని మీ ఎదురుగా నాలుగు లైన్లు రాయమని మర్యాదగా అడగండి. సంతోషంగా రాస్తే చేరండి.

## తెలుగు, ఉర్దూ

ఇదే పెన్నుతో తెలుగు రాయొచ్చా?

రాయొచ్చు, కానీ ఇంగ్లీషు పద్ధతి అలాగే తెచ్చిపెడితే కుదరదు. మన అక్షరాలు తాటాకు మీద గంటంతో పెరిగాయి. ఆకు ఈనెల వెంట తిన్నటి గీత గీస్తే చీలుతుంది కాబట్టి గుండ్రనయ్యాయని పెద్దలు చెబుతారు. గంటానికి లావు సన్నం లేదు, గీతంతా ఒకే సన్నం. ఎక్కడ లావుండాలో మనకి పాత నియమం ఏదీ రాలేదు, రాసి చూసి తేల్చుకోవాల్సిందే.

నాకు తెలిసినంత చెబుతాను. 45 డిగ్రీల్లో పాళీ పట్టుకుని 'క' రాయండి. తలకట్టులో కుడివైపుకి ఎగిరే గీత సరిగ్గా పాళీ అంచు వెంటే పోతుంది, అందుకే వెంట్రుకలా సన్నబడి తలకట్టు మాయమవుతుంది. తలకట్టు పోతే తెలుగు అక్షరం మొహం పోయినట్టే. పాళీని పడుకోబెట్టి 20, 25 డిగ్రీలకి తెస్తే తలకట్టుకి ఒళ్ళు వస్తుంది, పొట్టలు కూడా నిండుగా ఉంటాయి. రెండోది, ఎత్తు. పైన గుడి, ఏత్వం, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరసల మధ్య ఇంగ్లీషుకి వదిలేదానికి దాదాపు రెట్టింపు వదలండి. 'స్త్రీ' రాసి చూస్తే ఎంత కావాలో తెలిసిపోతుంది. వాల్చకండి. మొదట ర, ల, గ, న లాంటి తేలికవి, తర్వాత ఒత్తులు, చివర్లో 'ఋ', 'ఖ'.

అక్షరానికి సొంత నడక ఎలా వస్తుందో చూడాలంటే బాపుగారి చేతిరాత చూడండి. అది కుంచె, పెన్నుల రాత, ఫాంటుగా కూడా వచ్చింది. దాన్ని కాపీ కొట్టమని చెప్పడం లేదు. ఒకే 'మ' రెండుచోట్ల ఎలా మారిందో గమనించండి.

పాతబస్తీ ఉర్దూ కాలిగ్రఫీకీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

లిపి వేరు, దిక్కు వేరు, పనిముట్టు మాత్రం అన్నదమ్ములు. వాళ్ళ ఖలం కూడా అడ్డంగా కోసిన రెల్లు మొనే. మనం పాళీ వెడల్పుతో ఎత్తు కొలిచినట్టు, వాళ్ళు ఖలంతో పెట్టిన చుక్కతో, అంటే నుక్తాతో, అక్షరం కొలుస్తారు. ఇంత దూరంలో పుట్టిన రెండు కళలు ఒకే కొలతకి రావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. 1990ల్లో కంప్యూటర్ వచ్చేదాకా మన ఊళ్ళో ఉర్దూ పత్రికల్ని కాతిబ్‌లు, అంటే లేఖకులు, చేత్తోనే రాసేవారు. ఛత్తా బజార్ శుభలేఖల ప్రెస్సుల దగ్గర ఆ పని తెలిసిన చేతులు ఉండేవి.

చూడాలనుంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఖురాన్ రాతప్రతుల దగ్గర ఒక గంట గడపండి. 13వ శతాబ్దపు లేఖకుడు యాఖూత్ అల్ ముస్తాసిమి రాసిన ప్రతి వాళ్ళ దగ్గరుంది, మొగల్ చక్రవర్తుల సంతకాలతో. శుక్రవారం సెలవు. కుతుబ్‌షాహీ సమాధుల మీద రాతిలో చెక్కిన అక్షరాలు పొద్దున్న ఏటవాలు ఎండలో బాగా కనబడతాయి. నేర్చుకోవాలనుంటే పంజాగుట్టలో 1931లో మొదలైన ఉర్దూ సాహిత్య సంస్థ ఇదారా ఎ అదబియాతె ఉర్దూలో అడగండి.

## చెయ్యి అలవాటయ్యాక

శుభలేఖలు, సర్టిఫికెట్లు రాసి డబ్బు సంపాదించొచ్చా?

కొంచెం. కవర్ల మీద పేర్లు, స్కూలు సర్టిఫికెట్లలో పేర్లు రాసేవాళ్ళ కోసం అడుగుతుంటారు. పేరుకింత అని ముందే మాట్లాడుకోండి, పదికి ఒకటి చొప్పున కవర్లు ఎక్కువ అడిగి తీసుకోండి. ఇంటిపేర్లు ముందు కాగితం మీద రాయించుకుని వాళ్ళ చేతే సరిచూపించండి. పెళ్ళివారి ఇంటిపేరు తప్పురాస్తే ఎంత అందంగా రాసినా ఎవరూ క్షమించరు.

నాలుగు నెలలైంది, ఇక మెరుగవడం లేదు. మానేయాలనిపిస్తోంది.

మీ మొదటి వారం కాగితం తీసి పక్కన పెట్టండి. దాచుకోకపోయి ఉంటే ఈరోజు కాగితం మీద తేదీ వేసి దాచండి. ఈ దశలో జరిగేది ఒకటే: కన్ను చేతికంటే ముందుకెళ్ళింది. నిన్నటిదాకా కనబడని తప్పులు ఇప్పుడు కనబడుతున్నాయి. అక్షరాలు దిద్దడం కొన్నాళ్ళు ఆపి, మీకిష్టమైనదేదైనా పూర్తిగా రాయండి. ఒక పద్యం కావచ్చు, అమ్మమ్మ చెప్పిన చారుపొడి కొలతలు కావచ్చు, దూరంగా ఉన్న అక్కకి ఉత్తరం కావచ్చు. మా దగ్గర ఒకమ్మాయి వాళ్ళ నానమ్మ చెప్పే పచ్చళ్ళన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసింది. మాగాయ దగ్గరికి వచ్చేసరికి ఎస్ అక్షరం దానంతటదే కుదిరింది.